కృతజ్ఞతకొక గురువారం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నవంబరు నెల నాల్గవ గురువారం దేవునికి కృతజ్ఞతలు చెల్లించే దినం. మరునాటి శుక్రవారం దుకాణాల దినం. గురువారం నాడు కుటుంబమంతా భోజనపు బల్ల చుట్టూ చేరి, తలలు వంచి, ఉన్నదానికి స్తోత్రం చెల్లిస్తుంది. తెల్లవారేసరికి అదే కుటుంబంలో కొందరు లేనిదాని కోసం బారులు తీరుతారు. ఈ రెండు దినాల పొరుగు కేవలం కాకతాళీయమని చెప్పలేము. తేదీని దిద్దిన చేతులలో వర్తకుల చేయి కూడా ఉన్నది.

ఈ పండుగను జాతీయ దినంగా ప్రకటించినవాడు అబ్రహాం లింకన్. అందుకై సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఏళ్ల తరబడి ఉత్తరాలు వ్రాసింది. ప్రకటన వెలువడిన దినం 1863 అక్టోబరు 3. దేశం అంతర్యుద్ధంలో రక్తమోడుతున్నది. ఆ జూలైలోనే గెటిస్‌బర్గ్ వద్ద మూడు దినాల పోరులో వేలాదిమంది నేలకొరిగారు. పంటలకూ గనులకూ కృతజ్ఞత చెప్పమన్న ఆ ప్రకటనే, వితంతువులనూ అనాథలనూ దేవుని కాపుదలకు అప్పగించమన్నది; జాతి చేసిన అపరాధాలకు పశ్చాత్తాపపడమన్నది. కడుపు నిండినవారి పండుగగా కాదు, కన్నీరు ఆరనివారి ప్రార్థనగా అది మొదలైంది.

లింకన్ నిర్ణయించినది నవంబరులోని చివరి గురువారం. 1939లో ఆ నెలకు ఐదు గురువారాలు వచ్చి, పండుగ 30వ తేదీన పడింది. ఆ కాలపు వర్తకులకు ఒక సంకోచం ఉండేది: కృతజ్ఞతా దినం గడవకముందే క్రిస్మస్ సరుకులను ప్రకటించడం అమర్యాద. (ఆ సంకోచం నేడు వింతగా తోస్తుంది, నాకు మాత్రం ముచ్చటగా ఉన్నది.) అమ్మకాలకు దినాలు చాలవని వారు మొరపెట్టుకోగా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పండుగను ఒక వారం ముందుకు జరిపాడు. కొన్ని రాష్ట్రాలు 23న, కొన్ని 30న జరుపుకున్నాయి. టెక్సాస్ రెండు దినాలూ పాటించింది! చివరకు 1941లో శాసనసభ నాల్గవ గురువారాన్ని ఖాయం చేసింది.

'బ్లాక్ ఫ్రైడే' అన్న పేరు వర్తకులు పెట్టుకున్నది కాదు. జనసమ్మర్దంతో, వాహనాలతో విసిగిన ఫిలడెల్ఫియా పోలీసుల నోట అది పుట్టింది. నష్టాల ఎరుపు సిరా లాభాల నలుపుగా మారే దినమన్న వ్యాఖ్యానం తరువాత అతికించినదే. 2008లో న్యూయార్క్ సమీపంలోని ఒక దుకాణంలో, తలుపులు విరుచుకుని లోపలికి దూసుకువచ్చిన గుంపు కాళ్ల క్రింద పడి ఒక పనివాడు మరణించాడు.

కొనుగోలులో తప్పేమున్నదని పాఠకులు అడుగవచ్చు. బిడ్డకు చొక్కా కొనడం పాపం కాదు. కాని ప్రకటన పని మనకు లేనిదానిని గుర్తు చేయడం. 'కృతజ్ఞత' అన్న మాటకు మూలార్థం చేసిన మేలును ఎరిగి ఉండడం. క్రైస్తవులు ప్రభురాత్రి భోజనానికి వాడే 'యూఖరిస్ట్' అన్న గ్రీకు మాటకు అర్థం కూడా కృతజ్ఞతాస్తుతియే. సువార్తల ప్రకారం యేసు రొట్టె పట్టుకుని స్తుతి చెల్లించినది, శిష్యుడే తనను అప్పగించనున్న రాత్రి.

ఆ శుక్రవారపు చౌక బేరాలు ఇప్పుడు మన ఫోన్లలోనికీ వచ్చాయి. మన తెలుగు సంఘాలలో మాత్రం మరొక రకపు బేరం చాలాకాలంగా సాగుతున్నది. కోత పండుగనాడు విశ్వాసులు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు దేవాలయానికి తెస్తారు. ఆరాధన ముగిశాక వాటిని వేలం వేస్తారు. అక్కడ ధర తగ్గాలని ఎవరూ కోరరు. బజారులో ఎంతకు దొరికేదో అందరికీ తెలిసిన గుమ్మడికాయను, పక్కవాని పాట మీద మరికొంత పెంచి పాడి, నవ్వుకుంటూ భుజాన వేసుకుని ఇంటికి పోతారు.