గోటి రంగు – గోటి ఆరోగ్యం

గోరు శరీరంలో అతి చిన్న భాగం. 'గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు' అనే సామెతలో అది అల్పత్వానికి గుర్తు. 'గోరంత', 'కొండంత' అనే జంట మాటల్లోనూ అంతే. కాని అమరకోశంలో గోటికి చెప్పిన పర్యాయపదాలను గమనిస్తే దాని విశేషం బోధపడుతుంది. చేతి నుంచి మొలిచేది కనుక అది 'కరరుహం'. తీసివేసినా తిరిగి పుట్టేది కనుక 'పునర్భవం'. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువుకు పరతత్త్వాన్ని బోధిస్తూ మట్టిముద్దను, బంగారాన్ని ఉదాహరించి, ఆ వెంటనే గోళ్ళు తీసే చిన్న ఇనుప పనిముట్టును ఉదాహరించాడు. గోళ్ళను శుభ్రంగా ఉంచుకోవడం ఆనాటికే నిత్యజీవితంలో భాగమని దీనివల్ల తెలుస్తున్నది.

అలంకరణను వృత్తిగా స్వీకరించిన స్త్రీలు కూడా మన సాహిత్యానికి కొత్తవారు కారు. అజ్ఞాతవాస కాలంలో ద్రౌపది విరాటుని అంతఃపురంలో సైరంధ్రిగా ప్రవేశించి, రాణి సుదేష్ణకు కేశాలంకరణ చేస్తూ, పూలమాలలు కట్టి, మైపూతలు సిద్ధం చేస్తూ ఒక ఏడాది గడిపింది. తిక్కన విరాటపర్వంలో ఆ సైరంధ్రి అభిమానం, ధైర్యం తెలుగువారి మనస్సులో చిరస్థాయిగా నిలిచాయి. నేటి సౌందర్య చికిత్సకురాలు ఒక రకంగా ఆ సైరంధ్రికి వారసురాలే. అయితే ఆమెకు నేడు పూలు, చందనం గురించి తెలిస్తే చాలదు. రసాయన శాస్త్రం, చర్మశాస్త్రం, పారిశుద్ధ్య నియమాలు కూడా కొంతవరకైనా తెలిసి ఉండాలి. గోటి సంరక్షణ విషయంలో ఈ అవసరం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

గోరు కెరటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడుతుంది. వెంట్రుకలలోను, జంతువుల కొమ్ములపై పొరలోను ఉండే పదార్థం ఇదే. గోటి మొదట చర్మం కింద దాగి ఉన్న మూలంలో కొత్త కణాలు పుడుతూ, పాత కణాలను ముందుకు నెడుతూ ఉంటాయి. బొటనవేలి గోటి మొదట అర్ధచంద్రాకారంలో తెల్లగా కనిపించేది ఆ మూలంలోని కొంత భాగమే. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలిగోరు అందులో సగం వేగంతో మాత్రమే పెరుగుతుంది. అందువల్ల చేతిగోరు పూర్తిగా కొత్తది కావడానికి సుమారు 6 నెలలు, కాలిగోటికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. పైకి కనిపించే గోటి పలకలో ప్రాణం లేదు. కనుక ఒకసారి చెడిన భాగాన్ని ఏ పూతా బాగుచేయలేదు. అది పెరిగి తొలగిపోవలసిందే. ఏ చికిత్సకైనా ఓర్పు అవసరమని నిపుణులు చెప్పడానికి కారణం ఇదే.

తెలుగువారి ఇళ్ళలో గోటికి తొలి రంగు గోరింటాకు. ఆషాఢమాసంలోను, అట్లతద్దికి ముందురోజున ఆకు రుబ్బి చేతులకు పెట్టుకోవడం తరతరాల ఆచారం. గోరింటాకులోని లాసోన్ అనే వర్ణద్రవ్యం చర్మంలోను, గోటిలోను ఉండే కెరటిన్‌ను పట్టుకొంటుంది. అరచేతిలోని రంగు పైచర్మం రాలే కొద్దీ రెండు మూడు వారాలలో వెలిసిపోతుంది. గోటి రంగు మాత్రం గోటితోపాటు ముందుకు సాగుతుంది. ఆషాఢంలో పండిన ఎరుపు దసరా నాటికి గోటి కొనన నెలవంకలా మిగలడం చాలామంది గమనించే ఉంటారు. అయితే సహజమైన గోరింటాకు ఎప్పుడూ నల్లగా పండదు. నల్ల గోరింటాకు పేరిట లభించే కొన్ని ముద్దలలో జుట్టు రంగుల్లో వాడే పారాఫినైలిన్ డయామిన్ కలుపుతారు. దానివల్ల చర్మం పొక్కి, ఒక్కొక్కసారి మచ్చలు శాశ్వతంగా నిలిచిపోతాయి. అందుకే బాధ్యత తెలిసిన చికిత్సకురాలు నల్ల ముద్దను ముట్టుకోదు.

నేడు వాడుకలో ఉన్న నెయిల్ పాలిష్ ఇరవయ్యో శతాబ్దపు వస్తువు. దాని చరిత్ర మోటారు కార్ల రంగులతో ముడిపడి ఉంది. 1920ల నాటి కార్లకు వేగంగా ఆరిపోయే మెరుపు రంగులు వేయడానికి నైట్రోసెల్యులోజ్ అనే పదార్థాన్ని వాడారు. అదే పదార్థం గోటి రంగుకూ ఆధారమైంది. 1932లో చార్లెస్ రెవ్సన్, జోసెఫ్ రెవ్సన్ అనే సోదరులు, చార్లెస్ లాక్‌మన్ అనే రసాయనజ్ఞుడితో కలిసి న్యూయార్క్‌లో రెవ్లాన్ సంస్థను స్థాపించి, గోరు పూర్తిగా కప్పబడే చిక్కని రంగులను ప్రచారంలోకి తెచ్చారు. సీసాలోని రంగులో నైట్రోసెల్యులోజ్‌తోపాటు దానిని కరిగించే ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ వంటి ద్రావకాలు, పొర పగలకుండా వంగే గుణాన్నిచ్చే పదార్థాలు, మెరుపునిచ్చే రెజిన్లు, రంగు పొడులు ఉంటాయి. గోటికి పూయగానే ద్రావకాలు ఆవిరైపోయి పలుచని రంగు పొర మిగులుతుంది. గదిలో వ్యాపించే ఘాటైన వాసన ఆ ఆవిరిదే. ఈ ద్రవం సులభంగా మండుతుంది కనుక దీపం దగ్గర, గ్యాస్ పొయ్యి దగ్గర దీనిని వాడరాదు.

గోటి రంగును గురించి అనుభవజ్ఞురాలైన చికిత్సకురాలి అభిప్రాయం సామాన్యంగా మధ్యేమార్గంలో ఉంటుంది. రంగు విషమని ఆమె భయపెట్టదు, హాని ఏమాత్రం లేదని బుజ్జగించదు. ఏది ఎట్లా వాడాలో చెబుతుంది. ముదురు ఎరుపు రంగులను నేరుగా గోటిపై వేస్తే గోరు పసుపుబారుతుంది కనుక ముందుగా రంగులేని అడుగుపూత వేయాలంటుంది. రంగును గోటితో గీకి తీయవద్దంటుంది. అట్లా గీకినప్పుడు రంగుతోపాటు గోటి పైపొరలు కూడా లేచి వస్తాయి. రంగు తొలగించే ద్రవంలోని ఎసిటోన్ గోటిలోని తేమను, నూనెను హరిస్తుంది కనుక ఆ ద్రవాన్ని పదే పదే వాడకుండా, వాడిన తరువాత చేతులు కడిగి కొబ్బరినూనె వంటిది రాయమంటుంది.

'గోళ్ళకు గాలి తగలాలి, అవి ఊపిరి పీల్చుకోవాలి' అనే మాట లోకంలో బాగా ప్రచారంలో ఉంది. నిజానికి గోటి పలక ఊపిరి పీల్చదు. గోటి మూలానికి పోషణ, ప్రాణవాయువు రక్తం ద్వారానే అందుతాయి. అయినా అప్పుడప్పుడు రంగు లేకుండా గోళ్ళను వదిలివేయమనే సలహా మంచిదే. దానికి కారణం వేరు. రంగు కింద ఏమి జరుగుతున్నదో చూసే అవకాశం అప్పుడే లభిస్తుంది. ఇటువంటిదే మరొక అపోహ కూడా ఉంది. గోటిపై చిన్న తెల్లమచ్చలు కనిపిస్తే సున్నం లోపించిందనుకొంటారు. అవి చాలావరకు గోటి మూలానికి ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బల గుర్తులు మాత్రమే.

మానిక్యూర్, పెడిక్యూర్ అని పిలిచే చేతుల, పాదాల సంరక్షణలో అసలు కీలకం శుభ్రత. గోటి మొదట అంటుకొని ఉండే సన్నని చర్మపు అంచును క్యూటికల్ అంటారు. నీరు, సూక్ష్మజీవులు లోపలికి చొరబడకుండా అది కాపలా కాస్తుంది. అందం కోసం దానిని లోతుగా కత్తిరిస్తే ఆ కాపలా తొలగిపోతుంది. అప్పుడు వచ్చే వాపు, చీము, సలుపులనే పల్లెల్లో గోరుచుట్టు అంటారు. 'గోరుచుట్టుపై రోకలిపోటు' అనే సామెత ఆ బాధ తీవ్రతను చక్కగా తెలుపుతున్నది. కనుక నిపుణురాలైన చికిత్సకురాలు క్యూటికల్‌ను కత్తిరించదు, మెత్తబరచి మృదువుగా వెనక్కి జరుపుతుంది. ఒకరికి వాడిన లోహపు పనిముట్లను కడిగి, సూక్ష్మజీవరహితం చేసిన తరువాతనే మరొకరికి వాడుతుంది. శుభ్రపరచడానికి వీలుకాని ఆకురాళ్ళను ఒకరికి వాడి పారవేస్తుంది. ఈ జాగ్రత్తలు లోపిస్తే శిలీంధ్ర వ్యాధులు ఒకరి నుంచి ఒకరికి సోకవచ్చు. మధుమేహం ఉన్నవారి పాదాలకు చిన్న గాయమైనా ప్రమాదకరమే కనుక ఆ సంగతిని ముందే అడిగి తెలుసుకోవడం ఆమె కర్తవ్యం.

ఇటీవలి కాలంలో జెల్ పూతలు బాగా ప్రచారం పొందాయి. ఇవి గాలికి ఆరవు. అతినీలలోహిత కిరణాలను ప్రసరించే దీపం కింద గట్టిపడి, రెండు మూడు వారాలు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఆ మన్నికలోనే కొంత చిక్కు ఉంది. గట్టిపడని జెల్ చర్మానికి తగిలితే అందులోని మెథాక్రిలేట్ రసాయనాల వల్ల కొందరికి జీవితాంతం వేధించే అలర్జీ కలుగుతుంది. 2018లో బ్రిటన్‌లోని చర్మవైద్యుల సంఘం ఈ విషయమై ప్రజలను హెచ్చరించింది. ఈ అలర్జీ కలిగినవారికి ముందుముందు దంతవైద్యంలో వాడే కొన్ని పదార్థాలు కూడా పడకపోవచ్చు. దీపకాంతి వల్ల చర్మానికి కలిగే ప్రమాదం స్వల్పమే అయినా, వేలికొనలు మాత్రమే బయటకు కనిపించే చేతితొడుగు వేసుకోవడం మంచిదని చెబుతారు. జెల్ గట్టిపడడానికి తోడ్పడే టీ.పీ.ఓ. అనే రసాయనాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాలలో నిషేధించింది. అంతకుముందు 2004లో అక్కడే డైబ్యూటైల్ థాలేట్‌ను కూడా నిషేధించారు. భారతదేశంలో సౌందర్య సాధనాలకు 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 2020లో వచ్చిన సౌందర్య సాధనాల నియమావళి వర్తిస్తాయి. సీసాపై తయారీదారు చిరునామా, గడువు తేదీ లేని రంగును కొనకపోవడం వినియోగదారుని మొదటి రక్షణ.

అన్నింటికంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. గోరు ఆరోగ్యానికి అద్దం. గోరు పలుచబడి, మధ్యలో గుంటపడి చెంచా ఆకారంలోకి మారితే అది ఇనుము లోపానికి సూచన కావచ్చు. వేలికొనలు ఉబ్బి గోళ్ళు గుండ్రంగా వంగితే ఊపిరితిత్తులలో గాని గుండెలో గాని జబ్బు ఉందేమోనని వైద్యులు పరీక్షిస్తారు. ఒకే గోటిపై కొత్తగా నల్లని నిలువుచార ఏర్పడి వెడల్పవుతుంటే దానిని ఉపేక్షించరాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ బాలికలలో 59 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు. కళాశాలలో చదివే వయస్సు సరిగ్గా ఇదే. పాలిపోయిన గోటిని గులాబీ రంగుతో కప్పడం సులభం. కాని అట్లా కప్పినప్పుడు శరీరం పంపిన కబురు కూడా మరుగున పడుతుంది. శస్త్రచికిత్సకు ముందు ఆసుపత్రులలో గోటి రంగును తీసివేయించడానికి కారణం ఇటువంటిదే. గోటి రంగులో కలిగే మార్పు వైద్యునికి కనిపించాలి. రక్తంలోని ప్రాణవాయువును వేలికొన నుంచి కొలిచే ఆక్సీమీటరుకు ముదురు రంగులు ఆటంకం కలిగించవచ్చు.

అందువల్ల గోటిలో అసహజమైన మార్పు కనిపించినప్పుడు రంగు వేయడం మాని, 'ముందు వైద్యునికి చూపించండి' అని చెప్పగలగడమే సౌందర్య చికిత్సకురాలి వృత్తిధర్మానికి గీటురాయి. ఆ మాట చెప్పినందువల్ల ఆ పూట ఆమెకు రావలసిన రుసుము రాదు. కాని ఆమెపై నమ్మకం పెరుగుతుంది. రోగనిర్ణయం తన పని కాదని తెలిసి ఉండడం కూడా విద్యలో భాగమే.

ఈ వృత్తి ఎందరికో జీవనాధారమైంది. 1975లో వియత్నాం నుంచి అమెరికా చేరిన శరణార్థి స్త్రీలకు టిప్పీ హెడ్రెన్ అనే సినీనటి కాలిఫోర్నియాలో గోటి అలంకరణ నేర్పించింది. ఆ ఇరవైమందితో మొదలై, ఆ దేశంలోని గోటి అలంకరణశాలలలో వియత్నాం స్త్రీల పాత్ర ప్రముఖమైంది. మరోవైపు 2015లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ నగరంలోని అలంకరణశాలలలో పనిచేసే స్త్రీల అల్పవేతనాలను, రసాయనాల వల్ల కలిగే అనారోగ్యాన్ని వెలుగులోకి తెచ్చింది. వినియోగదారు అరగంట పీల్చి వెళ్ళే ఆవిరిని పనిచేసే స్త్రీ రోజంతా పీలుస్తుంది. గాలి ధారాళంగా వీచే గది, చేతితొడుగులు, మూతపెట్టిన సీసాలు ఆమెకు అత్యవసరాలు. మన రాష్ట్రాలలోనూ ఐ.టి.ఐ.లలో కాస్మెటాలజీ శిక్షణ పొందేవారు ఈ విషయాలను మొదటి పాఠంగా నేర్వాలి.

విద్యార్థులు పాటించవలసిన నియమాలు ఖర్చుతో కూడినవి కావు. చేతిగోళ్ళను పొట్టిగా, కాలిగోళ్ళను మూలలు లోతుగా తీయకుండా అడ్డంగా కత్తిరించుకోవాలి. గోళ్ళు కొరికే అలవాటు మానాలి. నీటిలో ఎక్కువసేపు పనిచేసిన తరువాత చేతులు తుడుచుకొని కొద్దిగా నూనె రాయాలి. ఆకుకూరలు, పప్పుధాన్యాలు, నువ్వులు, పాలు, గుడ్లు వంటి పోషకాహారం తీసుకోవాలి. రంగు వేసుకోవడం తప్పు కాదు. దానిని తీసివేసి, వెలుతురులో పది గోళ్ళను ఒకసారి పరికించి చూసే అలవాటు కూడా ఉండాలి.

పూర్వులు గోటిని 'పునర్భవం' అన్నారు. నేడు గోటి మొదట పుట్టిన కణం ఆరు నెలల తరువాత దాని కొనకు చేరుతుంది. ఈనాటి ఆహారం, ఈనాటి శ్రద్ధ, ఈనాటి అశ్రద్ధ ఆనాడు గోటి కొనన కనిపిస్తాయి. ఆ గోటికి ఆరోగ్యమే మొదటి పూత.