రోడ్డు చదునే, మరి టైమ్ ఎందుకు పెరుగుతుంది?

సోలాపూర్‌లో మన పద్మశాలీల మగ్గాలు ఆడే దాజీపేట, సాఖర్‌పేట, అశోక్ చౌక్ వైపు పెద్ద గుట్టలేమీ లేవు. అయితే ఇక్కడ 42.195 కిలోమీటర్ల మారథాన్ పెడితే బెర్లిన్‌లోలాగా రికార్డులు వస్తాయా? కష్టమే. 2022లో కెన్యా రన్నర్ కిప్‌చోగే బెర్లిన్‌లో 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో ముగించాడు. చదునుకు తోడు వెడల్పాటి రోడ్లు, సెప్టెంబరు చల్లదనం అక్కడ కలిసొస్తాయి.

పేటల్లో మలుపులెక్కువ. మారథాన్ దూరాన్ని మలుపు అంచుకు 30 సెంటీమీటర్ల ఎడంతో, అతి దగ్గరి దారిన కొలుస్తారు. చాదర్ల మూటలతో ఆగిన టెంపో అడ్డొచ్చి మీరు ఒక మీటరు బయటికి జరిగి తిరిగారనుకోండి, లంబకోణపు మలుపులో సుమారు 1.6 మీటర్లు అదనం. అలాంటివి 40 అయితే 60 మీటర్ల పైమాటే. కిలోమీటరుకు 6 నిమిషాలు పట్టేవారికి 20 సెకన్లకు పైగా పోయినట్టే! మలుపు మలుపుకూ వేగం తగ్గించి మళ్లీ ఊపందుకోవడం వేరే ఖర్చు.

మలుపుల తర్వాత గాలి సంగతి: ఎదురుగాలి లాక్కున్న సమయాన్ని వెనకగాలి పూర్తిగా తిరిగివ్వదు.

ఎండ దెబ్బ ఇంకా గట్టిది. ఒళ్లు చల్లబడాలని రక్తం చర్మం వైపు మళ్లుతుంది, కాళ్ల కండరాలకు వాటా తగ్గుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే సోలాపూర్‌లో పరుగుకు జనవరి తెల్లవారుజామే సరైన వేళ.