పాత బుల్లెట్టుకు మరో ఇంజను

ఒకప్పుడు మన పల్లెల్లో దూరాన వినబడే చప్పుడును బట్టే వచ్చేదెవరో చెప్పేవారు. డుగ్ డుగ్‌మని బుల్లెట్టు వస్తోందంటే ఎస్సైగారో, మోతుబరి రైతో, నాలుగైదు ఊళ్ల సంఘాలను చూసుకునే పాస్టరుగారో అయి ఉండాలి. ఆ బండ్లలో చాలావరకు ఈనాడు పశువుల కొట్టంలోనో, మెట్ల కిందనో గోనెపట్టా కప్పుకొని నిలబడి ఉన్నాయి. అమ్మితే పాత ఇనుము ధర వస్తుంది. ఉంచితే చోటు దండగ.

"ఇంజను మార్చి నడుపుకోవచ్చా?" అని యవ్వనస్థులు అడుగుతుంటారు. మార్చుకోవచ్చు. చాలావరకు ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. అయితే ఈ పనిలో చేతికి మసి అంటే చోట్లు అనేకం ఉన్నాయి, మనస్సాక్షికి మసి అంటే చోటు ఒకటుంది. తార్నాకలో మా ఇంటి ముందు మేము చేసిన పనిని బట్టి ఆ రెండు సంగతులూ రాస్తున్నాము.

ఈ బండి వెనుక కథ

బుల్లెట్ అనే పేరు ఇంగ్లాండులోని రెడిచ్ పట్టణంలో 1932లో పుట్టింది. మన దేశంలో సరిహద్దు కాపలాకు సైన్యం వీటిని తెప్పించుకున్నాక, 1955లో రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. మొదట విడిభాగాలు తెచ్చి బిగించారు. తరువాత మద్రాసు దగ్గర తిరువొట్టియూరు ఫ్యాక్టరీలో పూర్తిగా ఇక్కడే తయారు చేశారు. 1970ల ప్రారంభానికి ఇంగ్లాండులో కంపెనీ మూతపడింది. ఇక్కడ మాత్రం బండి ఆగలేదు.

మనకు తెలిసిన పాత 350 బుల్లెట్టు ఇంజను 346 సీసీలది. పిస్టన్ తిరిగే బోరు వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 90 మిల్లీమీటర్లు. గేరుబాక్సు ఇంజనులో కలిసిపోకుండా దాని వెనుక విడిగా బోల్టులతో బిగించి ఉంటుంది. ఈ అమరిక దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. అందుకే ఒక ఏడాది బండి ఇంజను మరో ఏడాది బండిలో కూర్చుంటుంది. ఇంజను, గేరుబాక్సు ఒకే పెట్టెలో ఉండే కొత్త ఇంజన్లు 2009 ప్రాంతం నుండి వచ్చాయి. అవి పాత ఫ్రేములో అలా కూర్చోవు. ఫ్రేమును కోసి, వెల్డింగు చేసి కూర్చోబెట్టే వాళ్లున్నారు. కుటుంబం ఎక్కే బండికి ఆ పని వద్దు.

రైతు కుటుంబాలవారికి డీజిల్ బుల్లెట్టు కూడా గుర్తుండే ఉంటుంది. నీళ్ల మోటార్ల డీజిల్ ఇంజన్లను కొందరు బుల్లెట్టు ఫ్రేముల్లో బిగించుకునేవారు. కంపెనీ కూడా గ్రీవ్స్ లాంబార్డిని వారి 325 సీసీల డీజిల్ ఇంజనుతో టారస్ అనే బండిని అమ్మింది. ఆరున్నర గుర్రాల శక్తి మాత్రమే. వేగం లేదు గాని లీటరు డీజిల్‌తో చాలా దూరం పోయేది. పొగ నిబంధనలు గట్టిపడ్డాక 2000 ప్రాంతంలో అది ఆగిపోయింది.

మా ఇంటి బండి

మా నాన్నగారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో గుమాస్తాగా పనిచేశారు. తార్నాక నుండి క్యాంపస్ లోపలి రోడ్డు మీదుగా, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం పక్కగా, ఇరవై ఏళ్లు ఈ బుల్లెట్టు మీదే ఆఫీసుకు వెళ్లివచ్చారు. మా పెండ్లి ఊరేగింపు ముందు నడిచింది ఇదే. రాత్రివేళ అమ్మను ఆసుపత్రికి చేర్చింది కూడా ఇదే. ఒక రోజు నడుస్తుండగానే లోపల కనెక్టింగ్ రాడ్ విరిగి, ఇంజను అడుగు పెట్టెను, అంటే క్రాంక్‌కేసును, పగలగొట్టుకొని బయటికి వచ్చింది. ఆ తరువాత నాన్నగారు మరి బండి కొనలేదు. ఆయన పోయాక ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయిలిద్దరూ దాన్ని లేపుదామన్నారు.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఇంజను నంబరు చెక్కి ఉండేది క్రాంక్‌కేసు మీదనే. అది బాగుంటే లోపల క్రాంక్, పిస్టన్, సిలిండరు, పైన హెడ్డు అన్నీ మార్చినా బండి నంబరు మారదు. అది మరమ్మతు మాత్రమే, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. క్రాంక్‌కేసే పోతే మాత్రం అది మరో ఇంజను, మరో నంబరు. కాబట్టి ఇంజను కొనే ముందు మంచి మెకానిక్కుకు చూపించి, మీ అవసరం ఈ రెండింటిలో ఏదో తేల్చుకోండి. మాది రెండోది.

నంబరు దగ్గర వచ్చిన శోధన

సికింద్రాబాదు రాణీగంజ్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ, మద్రాసు పుదుపేటలోనూ పాత సామానుకు కొదువలేదు. జంటనగరాల్లోనే ఒక దుకాణంలో మాకు కావలసిన ఇంజను దొరికింది. గట్టిగా ఉంది, ధర కూడా అందుబాటులో ఉంది. కాగితాలు అడిగితే దుకాణదారు నవ్వాడు. "కాగితాలెందుకు సార్? మీ పాత నంబరు దీని మీద కొట్టించి ఇస్తా. ఆర్‌సీకి సరిపోతుంది, ఆఫీసు చుట్టూ తిరిగే పనే ఉండదు" అన్నాడు. మా చిన్నబ్బాయి మా ముఖం వైపు చూశాడు. "అందరూ ఇలాగే చేస్తారట నాన్నా" అన్నాడు మెల్లగా.

అందరూ చేయడం నిజమే కావచ్చు. కాని ఆ ఇంజను ఎవరింటి ముందు నుండి మాయమైన బండిదో మనకు తెలియదు. ఒకవేళ అది దొంగసొత్తయితే, ఏదో ఒక బీద కుటుంబపు బ్రతుకుతెరువును మనం మన ముచ్చటకు వాడుకున్నట్లే. నంబరు చెరిపి కొట్టించడం చట్టం దృష్టిలో నేరం. బండి తనిఖీలో పట్టుబడితే పోలీసు స్టేషను మెట్లు ఎక్కేది చదువుకునే కుర్రవాడు. ప్రమాదం జరిగితే, ఆర్‌సీకీ ఇంజనుకూ పొంతన లేదన్న కారణంతో బీమా సొమ్ము చిక్కుల్లో పడుతుంది. తాతగారి బండిని గౌరవించాలని మొదలుపెట్టిన పని ఆయన పేరుకు మచ్చ తెచ్చేలా ముగియకూడదు గదా!

ఆ ఇంజనును అక్కడే వదిలి వచ్చాము. అబ్బాయిలు వారం రోజులు ముభావంగా ఉన్నారు. కాగితాలున్న ఇంజను దొరకడానికి ఏడు నెలలు పట్టింది. వెనుక నుండి లారీ గుద్ది ఫ్రేము వంగిపోయిన ఒక బుల్లెట్టును యజమాని తన ఆర్‌సీతో సహా అమ్మజూపాడు. అదే తీసుకున్నాము.

ముందు కాగితం, తరువాత స్పానరు

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నంగా మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే కంపెనీ, అదే రకం ఇంజను పెట్టుకోవాలన్నా ముందుగా రవాణా శాఖ అనుమతి అడగాలి. మార్చాక 14 రోజుల్లో తెలియజేసి, ఆర్‌సీలో కొత్త ఇంజను నంబరు రాయించుకోవాలి. పెట్రోలు బండిని డీజిల్‌కు గాని, బ్యాటరీకి గాని మార్చడం వేరే సంగతి. దానికి ఆమోదం పొందిన కిట్టు, ప్రత్యేక అనుమతి కావాలి.

మేము పాటించిన వరుస ఇది:

మొదటిది, బండి ఎవరి పేర ఉందో చూడండి. యజమాని చనిపోతే 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో వారసుల పేరుకు మార్పించుకోవాలి. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. తరువాత ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి.

రెండవది, అమ్మేవాని ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు నకలు, సంతకం చేసిన రసీదు తీసుకోండి. నోటిమాట చాలదు.

మూడవది, ఆ ఇంజను, ఛాసిస్ నంబర్లు దొంగిలించిన వాహనాల జాబితాలో ఉన్నాయేమో చూడండి. జాతీయ నేర నమోదు సంస్థవారి వాహన్ సమన్వయ్ ద్వారా ఇది తెలుసుకోవచ్చు.

నాలుగవది, ఆర్‌సీ మారాక బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

యాభై ఏళ్లు దాటిన బండ్లను పురాతన వాహనాలుగా నమోదు చేసే నిబంధనలు 2021లో వచ్చాయి. ఆ కోవలోకి రావాలంటే బండి మొదటి రూపంలోనే ఉండాలి. అంత పాత బండి మీ ఇంట్లో ఉంటే ఇంజను జోలికి పోకముందే బాగా ఆలోచించండి.

విప్పడం, బిగించడం

పనికి వరండా గాని, గాలి ఆడే పందిరి గాని మంచిది. వంటింటికి దూరంగా ఉండాలి. ముందుగా బ్యాటరీ తీగలు విప్పి, పెట్రోలు ట్యాంకు దించి, చిన్నపిల్లలకు అందని చోట పెట్టాలి. తీసిన ప్రతి బోల్టును ఏ భాగానిదో రాసిపెట్టిన డబ్బాలో వేయాలి. మా ఇంట్లో ఆ లెక్కంతా పాత హార్లిక్స్ సీసాల్లో ఇల్లాలు చూసుకున్నారు. చివరికి ఒక్క వాషరు కూడా మిగలలేదు, తగ్గలేదు.

ఎడమవైపు మూత తీస్తే క్లచ్చు, రెండు వరసల గొలుసు కనబడతాయి. క్లచ్చును లాగే పనిముట్టు లేకుండా సుత్తితో కొట్టకండి. ఇంజనే ఈ బండికి అడుగు ఆధారం. దాని కింద వేరే గొట్టం లేదు. ముందు గొట్టానికీ వెనుక భాగానికీ మధ్య వంతెనలా ఇంజను నిలిచి ఉంటుంది. కనుక దాన్ని తీసే ముందు ఫ్రేము కింద చెక్కదిమ్మలు పెట్టాలి. లేకపోతే బండి మీద పడుతుంది. దించేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి.

తెచ్చిన ఇంజనును తెచ్చినట్టే బిగించకూడదు. సిలిండరు అరిగిందేమో కొలిపించి, అవసరమైతే బోరు చేయించి, దానికి తగ్గ పెద్ద సైజు పిస్టన్ వేయించాలి. బోరింగు, క్రాంకు పనులు లేతు షాపులోనే చేయించాము. అవి ఇంట్లో అయ్యేవి కావు. పెట్రోలు పైపులు, కార్బురేటరు వాషర్లు కొత్తవి వేయించండి. 2025 నుండి మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరును అది మెత్తబరుస్తుంది. నిలువ ఉంచితే తేమను పీల్చి ట్యాంకును తుప్పు పట్టిస్తుంది.

ట్యాపెట్లు సరిచేసేటప్పుడు ఇంజను చల్లగా ఉండాలి. పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. అదే దాని కొలత.

మొదటి కిక్కు

నూనె పోసి, స్విచ్చు వేయకుండా చాలాసార్లు కిక్కు తొక్కి, రాకర్లకు పోయే నూనె గొట్టం బోల్టును కాస్త వదులు చేసి చూడండి. అక్కడ నూనె ఊరితే పంపు పనిచేస్తున్నట్లు. అది చూడకుండా స్టార్టు చేస్తే కొత్త పిస్టన్ నిమిషాల్లో పట్టేస్తుంది.

పాత బుల్లెట్టును బలంతో కాక ఓపికతో స్టార్టు చేయాలి. స్విచ్చు వేసి, అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కు మెల్లగా నొక్కాలి. డీకంప్రెషర్ మీట పట్టి ఇంకాస్త దాటించి, మీట వదిలి, అప్పుడు నిండుగా తొక్కాలి. మాది తొమ్మిదో కిక్కుకు పలికింది. ఆ చప్పుడు విని పక్కింటి పెద్దాయన గేటు దగ్గరికి వచ్చి, "మీ నాన్నగారు వచ్చారనుకున్నాను" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకొని లోపలికి వెళ్లి అందరికీ టీ పెట్టింది.

మూసిన గదిలో ఎన్నడూ ఇంజను నడపకండి. ఆ పొగ ప్రాణాంతకం. అనుమతి వచ్చాక మొదటి ఐదువందల కిలోమీటర్లు నలభై, యాభై వేగం దాటకుండా నడపాలి. అబ్బాయిలు తెల్లవారుజామున హబ్సిగూడ, ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్ దాకా వెళ్లి వచ్చేవారు. హెల్మెట్టు ఇద్దరికీ ఉండాలన్నది అమ్మ పెట్టిన షరతు.

ఎవరు చేయాలి, ఎవరు వద్దు?

డబ్బు మిగులుతుందని ఈ పని మొదలుపెట్టకండి, మిగలదు. ఇంజను ధర ఒక వంతైతే, లేతు పని, టైర్లు, వైరింగు, కాగితాలు కలిపి దానికి మించుతాయి. గోపురం కట్టదలచినవాడు ముందే కూర్చొని ఖర్చు లెక్క చూసుకోవాలన్న ఉపమానం మనకందరికీ తెలిసిందే. రోజూ పనికి నమ్మకంగా నడిచే బండి కావలసిన కుటుంబం ఆ సొమ్ముతో మంచి సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కోవడమే మేలు.

కాని ఇంట్లో నిలిచిపోయిన బండి ఉండి, సెలవుల్లో చేతికి పని కావలసిన పిల్లలుండి, వారితో కూర్చొనే తీరిక తండ్రికి ఉంటే, తప్పక ప్రయత్నించండి. ఆ కొద్ది నెలల్లో మా పిల్లలతో మేము మాట్లాడినన్ని మాటలు అంతకు ముందు కొన్నేళ్లలో మాట్లాడలేదు. ఇంజను విప్పడం వాళ్లు ఎలాగైనా నేర్చుకునేవారు. చవకగా దొరికినదాన్ని వదిలి, సరైన దాని కోసం ఏడు నెలలు ఆగడం మాత్రం ఇంట్లోనే నేర్చుకోవాలి. ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కిన దినాన పెద్దబ్బాయి ఆ కార్డును తాతగారి ఫోటో వెనుక దాచబోతే, "అది బండితో ఉండాలిరా, పటంలో కాదు" అని అమ్మ చెప్పింది. ఇప్పుడది ఎవరు బండి తీస్తే వారి జేబులో ఉంటోంది.