మీకు తెలుసా? ‘రాకెట్ సైన్స్’ అంటే మన ‘బ్రహ్మవిద్య’

ఇంగ్లిషు జాతీయాల అర్థం విడివిడి మాటల్లో దొరకదు. జాతీయం మొత్తాన్నీ ఒకే మాటగా, వాడే సందర్భంతో సహా నేర్చుకోవాలి. తెలుగులో దానికి సాటి వచ్చేది తెలిస్తే ఇట్టే గుర్తుంటుంది. సూళ్లూరుపేట పరిసరాలతో ముడిపెట్టి నేర్చుకోదగినవి మూడు:

• ఇట్స్ నాట్ రాకెట్ సైన్స్: ‘అదేమంత కష్టం కాదు’ అని అర్థం. తెలుగులో ‘అదేమీ బ్రహ్మవిద్య కాదు’ అంటారు. నిజమైన రాకెట్ సైన్స్ ఎంత కష్టమో పొరుగునున్న శ్రీహరికోట చరిత్రే చెబుతుంది. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి ఎగిరిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ కక్ష్యను చేరలేకపోయింది. 1980 జులై 18న రెండో ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని విజయవంతంగా కక్ష్యలో నిలిపింది.

• వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్: ‘చాలా అరుదుగా’ అని అర్థం. తెలుగులో ‘ఏ అమావాస్యకో పున్నానికో’. ఒకే క్యాలెండరు నెలలో వచ్చే రెండో పౌర్ణమి చంద్రుణ్ని బ్లూ మూన్ అంటారు. అప్పుడు చంద్రుడేమీ నీలంగా మారడు. ఇది సుమారు రెండున్నర, మూడేళ్లకోసారి వస్తుంది. 2023 ఆగస్టులో ఇలాగే రెండు పౌర్ణములు వచ్చాయి. శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3 చంద్రుడిపై దిగింది కూడా ఆ నెల 23నే.

• బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్: ఒకే స్వభావం గలవారని అర్థం. తెలుగులో ‘ఒకే తానులో ముక్కలు’. రెండు భాషల్లోనూ ఎక్కువగా ఆక్షేపణగానే వాడతారు. పక్షుల విషయంలో మాత్రం ఇది అక్షరాలా నిజం: శీతకాలంలో పులికాట్ సరస్సులో రాజహంసలు, నేలపట్టులో గూడబాతులు ఏ జాతికి ఆ జాతిగా గుంపులు కడతాయి.