పరుగులో బాగు, నిలిపితే ఆగు!

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన మాదాపూర్‌లో, అద్దాల మేడల నడుమ నీళ్ల ట్యాంకరును లాగే పాత ట్రాక్టరును ఊహించుకోండి. రోడ్డు మీద దడదడ పోతుంది. సిగ్నలు దగ్గర ఆక్సిలరేటరు వదలగానే రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది! బ్యాటరీ కూడా నీరసించిందంటే డ్రైవరుకు ఆ పూట కూలి పోయినట్టే.

స్పార్కు ప్లగ్గు చెడిందంటారేమో! డీజిల్ ఇంజనుకు అది ఉండదు. సిలిండరులో గాలిని సుమారు 16వ వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది.

డీజిల్ గొట్టం బిగింపు వదులైతే గాలి చొరబడుతుంది. మెకానిక్కులు 'గాలి పట్టింది' అంటారు. పంపు తోపును ఆ బుడగే మింగేస్తుంది, ఇంజెక్టరు తెరుచుకోదు, ఒక మంట తప్పుతుంది.

వేగంలో ఉంటే ఫ్లైవీలు ఆదుకుంటుంది. దాని శక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. నిమిషానికి 2100 చుట్ల నుంచి 700కు దిగితే మిగిలేది మూడో వంతు కాదు, తొమ్మిదో వంతే! లెక్క వేసి చూడండి.

కొందరు మర తిప్పి ఐడిల్ వేగం పెంచి ఊరుకుంటారు. జ్వరం తగ్గడానికి థర్మామీటరు దులిపినట్టన్నమాట! తెలిసిన మెకానిక్కు ఫిల్టరు మీది మర వదులుచేసి, చేతి పంపు నొక్కుతాడు. నురగ పోయి బుడగలు లేని డీజిల్ వచ్చాక బిగిస్తాడు. మర్నాడు మళ్ళీ ఆగితే, ట్యాంకు నుంచి పంపు దాకా ప్రతి అతుకూ, ప్రతి వాషరూ చూడవలసిందే.