క్రీడాకారులైన విద్యార్థులకు చట్టం ఇచ్చే రక్షణ

జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీలకు వెళ్ళే ఉన్నత పాఠశాల విద్యార్థులు కొన్ని రోజుల పాటు తల్లిదండ్రులకు దూరంగా, శిక్షకుల అధీనంలో ఉంటారు. ఆ అధికారానికి చట్టం హద్దులు విధించింది.

18 సంవత్సరాలు నిండని వారందరికీ రెండు చట్టాల అండ ఉన్నది. బిడ్డ బాధ్యత వహిస్తున్న వ్యక్తి కొట్టి గాని, నిర్లక్ష్యం చేసి గాని అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగిస్తే 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద నేరమవుతుంది. లైంగిక వేధింపులకు 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. తన కింద పనిచేసే వారి నేరం తెలిసీ పోలీసులకు తెలుపని సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష, జరిమానా తప్పవు.

స్థానిక భాష రాదన్న సంకోచంతో పలు కుటుంబాలు ఫిర్యాదుకు వెనుకాడుతాయి. ఆ సంకోచం అనవసరం. బిడ్డకు అర్థంకాని భాషలో ఫిర్యాదు నమోదవుతున్నప్పుడు అనువాదకుని సహాయం కల్పించాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ ఆదేశిస్తున్నది. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటివద్దనే నమోదు చేయవచ్చు. ఆ సమయంలో పోలీసు అధికారి యూనిఫాంలో ఉండరాదు. బిడ్డను రాత్రివేళ ఠాణాలో ఉంచరాదు.

ప్రయాణానికి ముందే తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి: వెంట వెళ్ళే ఉపాధ్యాయులెవరు, బస ఎక్కడ, బాలికల జట్టుతో మహిళా బాధ్యురాలు ఉన్నారా, గాయమైతే చికిత్స ఎక్కడ. ఆపద వేళ 1098కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఈ సంఖ్యను పిల్లలచేత కంఠస్థం చేయించడం మేలు.