వేయి మీటర్ల ఎత్తుకు విద్యార్థుల రాకెట్

తిరుచానూరు: శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న తొలిసారిగా నింగికెగసిన రోహిణి-125 వ్యాసం 125 మిల్లీమీటర్లే. నేడు ఇంజినీరింగ్ విద్యార్థులు పోటీలకు రూపొందిస్తున్న రాకెట్లలో కొన్ని దాదాపు ఆ లావువే. ఇన్‌స్పేస్ ఆధ్వర్యంలో 2025 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో జరిగిన జాతీయ పోటీలో కిలో బరువున్న ఉపకరణాన్ని వేయి మీటర్ల ఎత్తుకు చేర్చడం లక్ష్యం.

రూపకల్పనలో కీలకం స్థిరత్వం. గరిమనాభి ముందుకు, గాలి ఒత్తిడి కేంద్రం వెనుకకు ఉండాలి. రెండింటి నడుమ కనీసం రాకెట్ వ్యాసమంత దూరం పాటిస్తారు. తోక రెక్కలు చిన్నవైతే ఈ క్రమం తారుమారై రాకెట్ గిరికీలు కొడుతుంది. మరీ పెద్దవైనా చిక్కే. ఎదురుగాలి వైపు తల తిప్పుకుని దారి తప్పుతుంది.

అసలు పరీక్ష ఆపైన ఎదురవుతుంది. శిఖరానికి చేరిన క్షణాన్ని వాయుపీడనాన్ని కొలిచే పరికరం గుర్తించి పారాచూట్‌ను విడుదల చేయాలి. అది తెరుచుకోకుంటే రాకెట్ బాణంలా నేలలో దిగబడుతుంది. నెలల శ్రమ వ్యర్థం కావడం అటుంచి, కింద ఉన్నవారికి ప్రాణాపాయం. అందుకే రెండో పరికరాన్ని, దానికి వేరే బ్యాటరీని అమర్చుతారు.

శ్రీహరికోట మన జిల్లాలోనే ఉన్నప్పటికీ, రేణిగుంట విమానాశ్రయానికి చేరువలోని తిరుచానూరు పొలాల్లో అనుమతి లేనిదే ఇటువంటి రాకెట్లను ప్రయోగించరాదు. పారాచూట్ విడుదలను మాత్రం కళాశాల ఆవరణలో, నేలపైనే పలుమార్లు పరీక్షించుకోవచ్చు.